ఆట మాది, పద్దు ఎవరిది?

పట్నంలో ఏ పెద్ద సభ జరిగినా ఇప్పుడు గుమ్మం దగ్గర మావాళ్లు కనబడుతున్నారు. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు నలుగురు, డోలు కొట్టే కోయలు ఇద్దరు, థింసా అడుగు వేసే ఆడపిల్లలు పది మంది. వెనకాల ఫ్లెక్సీ మీద అన్ని సంస్కృతులూ ఒక్కటేనని రాసి ఉంటుంది. ముఖ్య అతిథి కారు దిగేదాకా ఆట సాగుతుంది. ఆయన లోపలికి వెళ్లగానే ఆగిపోతుంది. లోపల బహుళ సంస్కృతి మీద ఉపన్యాసాలు మొదలవుతాయి. ఆడినవాళ్లకు అక్కడ కుర్చీ ఉండదు. అప్పటికి వాళ్లు తిరుగు బస్సు కోసం చూస్తుంటారు.

ఈ అవమానం గురించి మావాళ్లు ఇంతకు ముందే రాశారు. వేదిక వెనకాల ఉండే రెండు కాగితాల గురించి మాత్రం రాసింది తక్కువ. ఒకటి ఆ సంస్థ కార్యవర్గ సభ్యుల జాబితా. రెండోది దాని జమాఖర్చుల పట్టిక. ఒక సంస్థ మా సంస్కృతిని ఎంత గౌరవిస్తుందో పాట విని చెప్పలేం. ఈ రెండు కాగితాలు చదివితే చెప్పగలం. మా వాదనంతా ఇదే.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మేము గోండి, కొలామి, కోయ, తెలుగు భాషల్లో రాసుకునే చిన్న బృందం. ఏడుగురు సభ్యులుంటే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చని 2001 నాటి సొసైటీల చట్టం చెబుతుంది. అలా ఏడుగురితో మొదలుపెట్టాం. సొంత చందాలతో పుస్తకాలు వేసుకుంటున్నాం. ఈ మధ్య నగరం నుంచి ఒక సంస్థ మా దగ్గరికి వచ్చింది. బహుళ సంస్కృతి కేంద్రం పెడదాం, భవనం మేం కడతాం, మూడేళ్లు ఖర్చు మేం భరిస్తాం అన్నది. ఒప్పంద పత్రం ఇచ్చి వెళ్లింది. అది మా ముందు ఉంది. మాలో కొందరు వెంటనే సంతకం పెడదామన్నారు. కొందరు చించేద్దామన్నారు. ఈ వ్యాసం ఆ రెండు మాటల మధ్య నిలబడి రాస్తున్నది.

ఆ పత్రంలో ఏముందో ముందు చెప్పాలి. కేంద్రం పాలకవర్గంలో తొమ్మిది మంది ఉంటారు. అందులో స్థానిక ప్రతినిధులు ఇద్దరు. ఆ ఇద్దరినీ ఎంపిక చేసేది మేం కాదు, ఆ సంస్థ. బ్యాంకు ఖాతా నగరంలో ఉంటుంది. రికార్డు చేసిన పాటలు, కథలు, ఫోటోలు అన్నీ కేంద్రం ఆస్తి అవుతాయి. సమావేశాల మినిట్స్ ఇంగ్లిషులో రాస్తారు. ఏటా నాలుగు ప్రదర్శనలు ఇవ్వాలి. వాటి తేదీలు నిధులిచ్చేవారి వీలును బట్టి నిర్ణయిస్తారు. ఇందులో ఎక్కడా చెడ్డ మాట లేదు. మర్యాదగా రాసిన పత్రం. మర్యాదగా ఉండటమే దానితో చిక్కు.

ఇలాంటి షరతులు ఎవరి దుర్బుద్ధి నుంచో పుట్టినవని మేం అనుకోవడం లేదు. అవి డబ్బు వచ్చే దారి నుంచి పుడతాయి. అందుకే ముందు దారులను చూడాలి.

మొదటి దారి ప్రభుత్వం. ఐటీడీఏలు, గిరిజన సంక్షేమ శాఖ, సాంస్కృతిక శాఖ, నాగపూర్‌లో ఉన్న దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం వంటివి మా బృందాలను పిలుస్తాయి, పారితోషికం ఇస్తాయి. ఇది ప్రజల డబ్బు కాబట్టి మాకు అడిగే హక్కు ఉంది. కానీ ఇది సాధారణంగా కార్యక్రమానికి వచ్చే డబ్బు, సంస్థకు వచ్చేది కాదు. ఆడిన రోజుకు బిల్లు అవుతుంది. పిల్లలకు నేర్పిన ఆరు నెలలకు బిల్లు కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. వాచకాలు తయారు చేసినవాళ్లలో మా ఉపాధ్యాయులూ ఉన్నారు. ఒక భాషకు పుస్తకం రావడం ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు. అయితే ఏ బడిలో అది సాగాలి, ఏ బడిలో ఆగాలి అనే నిర్ణయం ఆ పుస్తకం రాసినవాళ్ల చేతిలో లేదు. అది పైనుంచి వచ్చింది కాబట్టి పైనుంచే ఆగగలదు.

రెండో దారి కంపెనీలు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూలులో వారసత్వం, కళలు, సంప్రదాయ హస్తకళలు కూడా ఉన్నాయి. కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టం అంటుంది. వినడానికి బాగుంది. కానీ ఆ డబ్బు బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. మా ఊరి డప్పు బృందానికి మూడు వందల ఏళ్ల అనుభవం ఉండొచ్చు. 12ఏ ఉండదు. అందువల్ల ఆ డబ్బు కాగితాలు ఉన్న పట్నపు సంస్థకు వెళుతుంది. ఆ సంస్థ మమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. మా ముందు ఉన్న పత్రం వచ్చిన దారి ఇదే.

ఇక్కడ ఒక పాత లెక్క గుర్తు చేయాలి. విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు భూములను గనులకు లీజుకివ్వడాన్ని ప్రశ్నిస్తూ సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదన్నది. అక్కడ నడిచే పరిశ్రమలు నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా ఆ ప్రాంతపు నీళ్లకు, బళ్లకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలన్నది. ఆ 20 శాతం ఆ నేలకు చెందిన వాటా. ఈ 2 శాతం ఏ పనికి, ఎవరికి అన్నది కంపెనీ బోర్డు తన ఇష్టంతో తేల్చే ఖర్చు. వాటాను అడిగే నోరు మూయించడానికి ఖర్చును పండగ చేసి చూపడం సులువు. మా ఆటకు డబ్బిచ్చినవాడిని మా భూమి గురించి ప్రశ్నించగలమా? ఈ ప్రశ్నకు జవాబు ఒప్పందంలో రాసి ఉండదు. రాసి లేకపోయినా అందరికీ తెలుసు.

మూడో దారి విదేశీ నిధి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదన్నారు. పరిపాలన ఖర్చు హద్దును 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలన్నారు. రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల ఉనికితో పాటు ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. దుర్వినియోగం ఆపడానికే ఈ సవరణ అన్నారు. దుర్వినియోగం జరగలేదని మేం అనడం లేదు. ఫలితం మాత్రం చిన్నవాళ్ల మీద పడింది. అంతకు ముందు పెద్ద సంస్థ తీసుకున్న డబ్బులో కొంత చిన్న సంఘానికి ఇచ్చేది, ఆ సంఘం తన పద్దు తను రాసుకునేది. ఇప్పుడు ఆ వీలు లేదు. చిన్న సంఘం పెద్ద సంస్థకు కార్యక్రమం జరిగే స్థలం అయిపోయింది. పద్దు రాయడం నేర్చుకునే అవకాశం కూడా దాంతో పాటే పోయింది.

ఈ మూడు దారులకూ ఒక ఉమ్మడి గుణం ఉంది. మూడూ ఆర్థిక సంవత్సరపు క్యాలెండరు ప్రకారం నడుస్తాయి. మార్చి ముగిసేలోగా డబ్బు ఖర్చు కావాలి. అందుకే సాంస్కృతిక ఉత్సవాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపుగా వచ్చి పడతాయి. మార్చిలో మా అడవిలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే చెట్టు కిందికి వెళ్లి ఏరుకోవాలి. ఆ రోజు ఏరకపోతే ఆ పువ్వు పశువుల పాలు. ఏడాది ఖర్చులో కొంత భాగం ఆ పువ్వుతోనే గడిచే ఇళ్లు మాలో ఉన్నాయి. అలాంటి రోజుల్లో మూడు రోజుల ఉత్సవానికి రమ్మని కబురు వస్తుంది. రాకపోతే మీ కళ మీద మీకే శ్రద్ధ లేదంటారు.

దండారి సంగతి చూడండి. అది దీపావళి రోజుల్లో వస్తుంది. గుస్సాడీ వేషం కట్టినవాడు దీక్షలో ఉన్నట్టు. ఆ రోజులు ముగిసేదాకా స్నానం చేయడు, ఒంటికి బూడిద రాసుకుంటాడు. ఒక ఊరి దండారి మరో ఊరికి వెళుతుంది. ఆ ఊరు వచ్చినవాళ్లను దింపుకుంటుంది, అన్నం పెడుతుంది. వచ్చే ఏడు వీళ్లు అక్కడికి వెళతారు. వియ్యాలు కుదురుతాయి, పాత తగవులు తీరుతాయి. ఇందులో నిధి ఎవరిది? ఆతిథ్యం ఇచ్చిన ఊరిది. పాలన ఎవరిది? రెండు ఊళ్ల పెద్దలది. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మేమంతా గర్వపడ్డాం. కోయ డోలు వాయించి వంశాల కథ చెప్పే సకిని రామచంద్రయ్యకు ఆ మరుసటి ఏడు ఆ గౌరవం దక్కినప్పుడూ అంతే. ఆ గౌరవం ఒక మనిషికి దక్కింది. ఆ మనిషిని తయారు చేసిన ఊరికి, ఊళ్ల మధ్య రాకపోకలకు ఎవరు నిధి ఇస్తారు? ఏ దరఖాస్తు ఫారంలోనూ దానికి గడి లేదు.

మాకు ఇలాంటి సంస్థ నడపడం చేతకాదని చెప్పేవాళ్లకు కేస్లాపూర్ చూపిస్తాం. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర మెస్రం వంశస్థులది. వాళ్లు కాలినడకన వెళ్లి హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తెస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలో కుమ్మరి ఇంట తయారవుతాయి. ప్రధాన్‌లు కిక్రి వాయించి వంశ చరిత్ర పాడతారు. కొత్త కోడళ్లకు దేవుడి ముందు భేటింగ్ జరుగుతుంది. వంట పొయ్యిలు 22. ఏ పొయ్యి ఎవరిదో, ఎవరు ఎవరి తరువాతో అందరికీ తెలుసు. గోండు, ప్రధాన్, కుమ్మరి, ఇలా వేర్వేరువాళ్లు వేర్వేరు పనులతో ఒకే జాతరను మోస్తారు. బహుళ సంస్కృతి అంటే మాకు తెలిసిన అర్థం ఇది. పాత గుడి స్థానంలో రాతి గుడి కట్టాలనుకున్నప్పుడు మెస్రం కుటుంబాలు తమలో తామే చందాలు వేసుకున్నాయి. 2022 డిసెంబరులో ఆ గుడి తెరుచుకుంది. చందా ఇచ్చిన ప్రతివాడూ లెక్క అడగగలడు. అడిగేవాడికి చెప్పక తప్పదు. ఆడిట్ అనే మాటకు ఇంతకన్నా పెద్ద అర్థం లేదు.

జోడేఘాట్‌లో 1940లో కొమరం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. జాతరలో దర్బారు పెట్టే పద్ధతి ఆ దశాబ్దంలోనే మొదలైంది. అధికారులు జాతరకు వచ్చి అర్జీలు వింటారు. ఆ ఒక్క రోజు అధికారి అతిథి, మేం ఇంటివాళ్లం. ప్రభుత్వం రోడ్డు వేస్తుంది, నీళ్లు, దీపాలు ఏర్పాటు చేస్తుంది. పూజ ఎప్పుడు, ఎలా అన్నది మెస్రం పెద్దలు చెబుతారు. బయటి డబ్బు తీసుకుంటూనే లోపలి నిర్ణయం నిలుపుకోవచ్చని దీన్ని చూస్తే తెలుస్తుంది. మేడారంలో పూజ కోయ వడ్డెలది, హుండీ లెక్క దేవాదాయ శాఖది. ఆ రెండు జాతరలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మా ముందున్న పత్రం ఏ వైపు లాగుతోందో అర్థమవుతుంది.

ఇంతవరకు ఎదుటివాళ్ల తప్పులు రాశాం. మావి రాయకపోతే ఈ వ్యాసం సగమే. మా సంఘంలో కార్యవర్గం ఏర్పడి చాలా కాలమైంది. అందులో కొలాం సభ్యుడి పేరు ఉంది. ఆయన్ను రెండు సమావేశాలకే పిలిచాం. తోటివాళ్ల పాటల మీద వ్యాసాలు వేశాం, తోటివాళ్లను కార్యవర్గంలోకి తీసుకోలేదు. సభ్యుల్లో ఆడవాళ్లు ముగ్గురు. పదవుల్లో ఒక్కరూ లేరు. సమావేశం సాయంత్రం పెడతాం. ఆ వేళ వాళ్లు పొయ్యి దగ్గర ఉంటారని మాకు తెలుసు. కోశాధికారి పద్దు పుస్తకం సరిగానే రాశాడు. దాన్ని అందరి ముందూ చదివింది ఒక్కసారి. పెద్ద సంస్థ మమ్మల్ని కాగితం మీది సభ్యులుగా చూస్తోందని కోప్పడ్డాం. మాలో చిన్నవాళ్లను మేం అలాగే చూశాం. పట్నంలో మాకు జరిగినదాన్ని తక్కువ స్థాయిలో ఊళ్లో మేమూ చేశాం.

సంతకం పెట్టేద్దామన్న తమ్ముడొకడు మొన్న అడిగాడు. "దాదా, ఇవన్నీ నిజమే. వాళ్లను వద్దంటే ముసలివాళ్ల పాటలు ఎవరు రికార్డు చేస్తారు? ఈ చలికాలం దాటుతుందో లేదో తెలియని ముసలమ్మలు ఉన్నారు. పద్దు మనదా వాళ్లదా అని తేల్చుకునేలోగా పాట పోతే?" దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. అతను చెప్పిన నష్టం నిజం. పోయిన పాటను ఏ తీర్మానమూ తిరిగి తేలేదు. అందుకే పత్రం చించేయమని మేం అనడం లేదు. కానీ మా ముసలమ్మ పాడిన పాట ఎక్కడో ఒక ఖాతాలో కేంద్రం ఆస్తిగా ఉండి, ఆమె మనవరాలు వినాలంటే అనుమతి అడగాల్సి వస్తే, అది కూడా పోవడమే.

గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల సంగతి గుర్తు చేసుకుందాం. ఆ లిపి బయటి ప్రపంచానికి తెలియక ముందు అవి మా ఇళ్లలోనే భద్రంగా ఉన్నాయి. తరువాత పండితులు వచ్చారు, విశ్వవిద్యాలయం సాయపడింది, 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. బయటివారి సాయం లేకుండా ఇది జరిగేది కాదు. ఇళ్లలో దాచినవాళ్లు లేకుండా అసలే జరిగేది కాదు. సాయం చేసినవారికి దండం పెడతాం. దాచినవాళ్లకు కుర్చీ అడుగుతాం.

ఇక లెక్కలు రాయడం రాదనే మాట. మా ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు ఏళ్ల తరబడి బ్యాంకు పుస్తకాలు నడుపుతున్నాయి. ఎవరు ఎంత కట్టారో, ఎవరి అప్పు ఎంత మిగిలిందో నెలనెలా పది మంది ముందు చదువుతాయి. ఆ అక్కలను వదిలేసి నగరంలో ఆడిటరును వెతకడం వింతగా ఉంది. ఆడిటరు కావలసిందే, చట్టం అడుగుతుంది. ముందు అక్కల ముందు లెక్క నిలవాలి, తరువాత ఆడిటరు ముందు నిలవాలి.

అందువల్ల ఆ పత్రానికి మేం ఈ మార్పులు అడగాలని ప్రతిపాదిస్తున్నాం. పాలకవర్గంలో సగానికి మించి ఈ ప్రాంతపు ఆదివాసులు ఉండాలి, వాళ్లను ఊళ్లు ఎన్నుకోవాలి. అందులో చిన్న తెగలకు, ఆడవాళ్లకు చోటు ముందే రాసిపెట్టాలి. చెక్కు మీద రెండు సంతకాల్లో ఒకటి ఇక్కడ ఉండేవారిది కావాలి. సమావేశం ఇక్కడ జరగాలి, మినిట్స్ తెలుగులో రాయాలి, గోండి, కొలామిల్లో చదివి వినిపించాలి. ఖర్చుల్లో కళాకారుల పారితోషికం మొదటి వరసలో ఉండాలి, ఫ్లెక్సీ చివర ఉండాలి. ప్రదర్శన తేదీ మా పండగను, మా పంటను చూసి పెట్టాలి. దీక్ష వేళ కాని వేళ దీక్ష వేషం కట్టమని అడగకూడదు. రికార్డు చేసినదాని మీద హక్కు పాడిన మనిషిది, ఆమె ఊరిది. కేంద్రం దాన్ని దాచిపెట్టే చోటు మాత్రమే. డబ్బు ఇచ్చింది ఎవరో బహిరంగంగా చెప్పాలి. ఇచ్చినవారు మా భూమి మీద కన్నేస్తే వద్దనే హక్కు పాలకవర్గానికి ఉండాలి. మూడేళ్ల తరువాత డబ్బు ఆగితే భవనం ఎవరికి చెందుతుందో ఇప్పుడే రాయాలి.

ఈ షరతులు మాకూ వర్తిస్తాయి. మా కార్యవర్గాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో రద్దు చేసి మళ్లీ ఎన్నుకోవాలని తీర్మానం పెడుతున్నాం. సమావేశం పగలు పెడుతున్నాం. గడిచిన ఏళ్ల పద్దు పుస్తకం మొదటి పుట నుంచి చదువుతాం. ఎదుటివాళ్లను అడిగే ముందు మా పద్దు మేం విప్పకపోతే అడిగే నోరు మాకు ఉండదు.

నగరపు సంస్థ ఈ మార్పులకు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు భవనం ఉండదు. పాటలు రికార్డు చేయడానికి ఉన్న ఫోన్లతోనే ఈ చలికాలం ఇల్లిల్లూ తిరగాలి. ఎవరు ఏ ఊరికి వెళ్లాలో ఆ సమావేశంలోనే పంచుకుందాం. ఈ పుస్తకం వెల చెల్లించి కొన్నవాళ్లంతా మాకు చందాదారులే. రండి, పద్దు చదివేటప్పుడు కూర్చుని వినండి. తప్పు కనబడితే లేచి అడగండి.